వెనక్కి చూసే అడుగు

మా అమ్మ మనుషుల్ని వెనక నుంచి పిలిచేది కాదు. నేను పొద్దున కాలేజీకి బయల్దేరాక ఏదో మర్చిపోయానని ఆమె కంట పడిందనుకోండి, గుమ్మంలోంచి కేకెయ్యదు. చెప్పులు తొడుక్కుని, క్వార్టర్ల వెనక సందులోంచి గబగబా నడిచి, నల్లా మలుపు దగ్గర నాకు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. కళ్ళజోడో, అన్నం గిన్నో నా చేతిలో పెట్టి, కాసేపు ఊపిరి తీసుకుని, "ఇగ పో" అంటుంది. మా క్వార్టర్ల లైనులో ఉండేవాళ్ళందరికీ ఇది అలవాటే. కొత్తగా క్వార్టరు దొరికి వచ్చినవాళ్ళు మాత్రం ఈమెకేమైనా తిక్కా అన్నట్టు చూసేవాళ్ళు.

తిక్క కాదు. చాలా ఏళ్ళ కిందట ఒకసారి పిలిచింది, అప్పటినుంచి మానేసింది.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా వైపు నాన్నను బాపు అంటాం, గనిని బాయి అంటాం. మాది సెంటినరీ కాలనీలో కంపెనీ ఇచ్చిన క్వార్టరు. మొదటి షిఫ్టుకి పోయేటప్పుడు బాపుకి ఒక అలవాటుండేది. లైను చివర నల్లా మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఎదురుపొద్దు కళ్ళలో పడకుండా చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, గుమ్మంలో అమ్మ ఉందా లేదా అని చూసేవాడు. ఉంటే తల ఊపి పోయేవాడు. లేకపోతే వచ్చేదాకా అక్కడే నిలబడేవాడు. షిఫ్టుకి ఆలస్యమవుతోందని తోటివాళ్ళు విసుక్కునేవాళ్ళు. "పెండ్లయి గిన్నేండ్లయింది, ఇంకెందుకురా గా సూసుడు" అని ఆటపట్టించేవాళ్ళు కూడా.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, ఒకరోజు పొద్దున, ఆయన మలుపు దాకా పోకముందే అమ్మకు గూట్లో నీళ్ళ సీసా కనిపించింది. నేను మెట్టు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. నా తల మీదుగానే కేకేసింది.

"ఇగో, ఇనవడ్తుందా? నీళ్ళ సీస మర్శినవ్!"

బాపు తిరిగి వచ్చాడు. పోయేవాణ్ణి వెనక నుంచి పిలిస్తే మంచిది కాదంటారు. పిలిస్తే కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలంటారు. అమ్మకు పిలిచాక గుర్తొచ్చింది.

"పిలిచిన గద, జరసేపు కూసోని పో."

"షిఫ్టు టైమైతుంది."

"గుక్కెడు నీళ్ళన్న తాగు."

"నీళ్ళే తీస్కపోతున్న గదనే," అని సీసా ఊపి చూపించి నవ్వాడు. మళ్ళీ మలుపు దాకా పోయి, చెయ్యి అడ్డం పెట్టి చూసి, పోయాడు.

ఆ షిఫ్టు మధ్యలో లోపలే ఆయన గుండె ఆగిపోయింది. పక్కన పనిచేసేవాళ్ళు మోసుకుని పైకి తెచ్చారు. దవాఖానలో డాక్టరు గుండె అని చెప్పాడు. కప్పు కూలలేదు, మందు పేలలేదు, ఎవరినీ అనడానికేమీ లేదు. బయట ఎవరూ దొరకకపోతే మనుషులు ఇంట్లోనే వెతుకుతారు. బాపు అక్క, మా అత్త, అమ్మను పట్టుకుని ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కమాట అంది: "పోయేటోన్ని ఎనకకు పిలుస్తరానే?" ఏడుపులో వచ్చిన మాట. తర్వాత అత్త ఎన్నోసార్లు మా ఇంటికొచ్చింది, అమ్మ చేతి వంట తిన్నది, అమ్మకు జ్వరమొస్తే వారం రోజులుండి చూసుకుంది. తానామాట అన్నట్టు ఆమెకు గుర్తుందని కూడా నేననుకోను. అమ్మ మాత్రం దాన్ని మూటగట్టి ఉంచుకుంది.

నేను ఊరుకోలేదు. నాకు నోరెక్కువ. గుండెజబ్బు ఎట్లా వస్తుందో బొమ్మలు గీసి మరీ చెప్పాను. మూఢనమ్మకాలని అరిచాను, అత్తను తిట్టాను. అమ్మ అంతా విని, "నిజమే బిడ్డా" అనేది. మర్నాడు నేను పెన్ను మర్చిపోతే మళ్ళీ వెనక సందులోంచి నడిచొచ్చి ఎదురుగా నిలబడేది. ఆ తర్వాత నేనే వాదించడం మానేసి, ఏదీ మర్చిపోకుండా ఉండటం నేర్చుకోవాలనుకున్నాను. అదీ చేతకాలేదు.

బాపు ఉద్యోగం బదులు కంపెనీ అమ్మకు నర్సరీలో పనిచ్చింది. తవ్విపోసిన మట్టి గుట్టల మీద నాటే మొక్కలు పెంచే చోటు. అమ్మ చేతికి మొక్క బతకకపోవడమన్నది లేదు. బతుకమ్మ రోజులొస్తే లైనులో ఆడవాళ్ళందరికీ తంగేడు, గునుగు, బంతి ఎక్కడెక్కడినుంచో తెచ్చి పంచేది. గునుగు పూలకు రంగులద్ది ఆరబెట్టేది. సాయంత్రం ఆటకు మాత్రం నీళ్ళ ట్యాంకు దగ్గర దూరంగా నిలబడేది. భర్త పోయినవాళ్ళు ఆ వరుసలోనే నిలబడతారు. రావద్దని ఎవరూ అనలేదు. చెయ్యి పట్టి లాగినవాళ్ళూ లేరు. నేను లాగితే, "నా సెయ్యి మంచిది కాదు బిడ్డా, నువ్వాడు," అని విడిపించుకునేది.

ఇక నేను జపాన్ భాష ఎట్లా నేర్చుకున్నానంటే, గొప్ప కథేమీ లేదు. హైదరాబాద్‌లో యూనివర్సిటీలో కోరుకున్న కోర్సులో సీటు రాలేదు, ఇందులో ఖాళీ ఉంది. మా లైనులో నవ్వనివాడు పాపాత్ముడు. నవ్విన నాపచేనే పండిందన్నట్టు, కొన్నేళ్ళకు మా కాలనీ పక్కనున్న యూనివర్సిటీ వాళ్ళ ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకు జపాన్‌లో ఉద్యోగాల మీద మోజు పుట్టింది. భాష చెప్పేవాళ్ళు కావాలన్నారు. సాయంత్రం క్లాసులకు నన్ను తీసుకున్నారు. రామగుండం, పెద్దపల్లి, చుట్టుపక్కల పల్లెల పిల్లలు. సగానికి సగం బాయి పని ఇళ్ళ పిల్లలే. ఆ భాషలో టీచర్ని సెన్సే అంటారు కాబట్టి నన్ను సెన్సే అని పిలిచేవాళ్ళు. అది కాలనీలో పెద్దవాళ్ళ చెవిన పడి సెన్సస్ అయింది. ఒక ముసలాయన నన్ను ఆపి, "మా ఇంట్ల ఆరుగురం బిడ్డా, రాస్కో," అన్నాడు. కాదని చెప్పినా నమ్మలేదు. సర్కారు పనిలో ఉన్నవాళ్ళు ఒప్పుకోరని ఆయన నమ్మకం.

ఏటా ఒకసారి కాలేజీలో జపాన్ దినం జరిపేవాళ్ళం. కాగితాల కొంగలు మడవడం, కుంచెతో అక్షరాలు రాయడం, పిల్లలు ఆ భాషలో తడబడుతూ తమ ఊరి గురించి రెండు ముక్కలు చెప్పడం. ఈసారి హైదరాబాద్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక జపాన్ పెద్దావిడ మా కాలేజీకి వస్తానన్నది. డెబ్బై దాటిన మనిషి. చదువుకునే రోజుల్లో నాకు కూడా పాఠం చెప్పింది కాబట్టి పిల్లలకు ఆమె పెద్ద సెన్సే అయింది. తమ దేశంలో బొగ్గుగనుల ఊళ్ళలో పుట్టిన ఆట ఒకటి ఉందని, బొగ్గు ఊరి పిల్లలు అది ఆడితే బాగుంటుందని ఫోన్లో చెప్పి, వీడియో పంపింది.

అది గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట. చచ్చిపోయినవాళ్ళు ఏడాదికోసారి ఇళ్ళు చూసుకోవడానికి వస్తారని అక్కడ నమ్మే రోజుల్లో, ఊరంతా కలిసి ఆడతారు. పారతో రెండుసార్లు తవ్వడం, తట్ట భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి ఒంపడం, ఒక అడుగు వెనక్కి వేసి చెయ్యి నుదుటి మీద పెట్టుకుని వెనక్కి చూడటం, తర్వాత వంగి పట్టాల మీద బొగ్గుడబ్బాను తొయ్యడం. చివర చేతులు విప్పి చప్పట్లు. మళ్ళీ మొదటినుంచి. కష్టమేమీ లేదు, బతుకమ్మ ఆడే కాళ్ళకు అసలే లేదు.

పిల్లలు తవ్వడం దగ్గర నవ్వారు. "మా డాడీ పార ముట్టక ఎన్నేండ్లాయె సెన్సే, ఇప్పుడంత మిషనే," అన్నాడొకడు. "డంపర్ నడిపే అడుగు లేదా?" అని ఇంకొకడు స్టీరింగు తిప్పి చూపించాడు. అసలు చిక్కు ఇంకోచోట వచ్చింది. ఆట చచ్చిపోయినవాళ్ళ కోసమని చెప్పాను కదా, వెనక్కి చూసే అడుగు దగ్గర వరసంతా ఆగిపోయింది. చివరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి ముందుకొచ్చింది.

"సెన్సే, గా ఎనకకు సూసుడు తీసేద్దం."

"ఎందుకు?"

"సచ్చినోళ్ళ పని మీద పోయినప్పుడు ఎనకకు సూడద్దు గద. మా అమ్మకు తెలిస్తె నన్ను ఆడనియ్యదు."

కాటి నుంచి తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదని మాలో ప్రతి పిల్లకూ చిన్నప్పుడే చెబుతారు. జపాన్ వాళ్ళు ఎంత చక్కగా ఆడినా, ఆ మాట మా ఎముకల్లోకి ఇంకిపోయింది. మిగతావాళ్ళు కూడా అవునవునన్నారు. స్టీరింగు తిప్పిన కుర్రాడు కూడా నవ్వలేదు. సరేనని ఆ అడుగు తీసేసి, ఆ చోట బతుకమ్మలో లాగా రెండు చప్పట్లు పెట్టాం. తాళం సరిగ్గా కుదిరింది. బొగ్గు తవ్వి, తట్ట ఒంపి, చప్పట్లు కొట్టి, డబ్బా తోసే ఆట ప్రపంచంలో మా దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండి ఉండదు.

కార్యక్రమానికి ముందురోజు మధ్యాహ్నం పెద్ద సెన్సే వచ్చింది. పిల్లల సాధన చూసి, పక్కకు వచ్చి, "చూసే అడుగు ఎటు పోయింది?" అని నన్నడిగింది. కారణం చెప్పాను. ఆమె, "మీ ఇంటి నియమం మీది," అంది. కోపం లేదు. నాకే కొంచెం సిగ్గనిపించింది.

భోజనానికి మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ జొన్నరొట్టెలు, సర్వపిండి చేసింది. మేము తింటుండగా దగ్గర్లోని ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి ఇల్లు అదిరింది. పెద్ద సెన్సే ఉలిక్కిపడింది. అమ్మ మాత్రం అటు చూడకుండానే అల్మారాలో గ్లాసుల వరస మీద చెయ్యి పెట్టింది, అవి గలగలమనకుండా. పెద్ద సెన్సే ఆ చేతిని చూసి నవ్వింది. ఇద్దరికీ మధ్య నేనే మాట. అమ్మ అన్నది అటు, ఆమె అన్నది ఇటు చేరవేస్తూ నా రొట్టె చల్లారిపోయింది.

మాటల్లో రేపటి ఆట సంగతి వచ్చింది. నేను దాని గురించి అమ్మకు అంతదాకా చెప్పలేదు. పెద్ద సెన్సే కూర్చున్నచోటే చేతులతో తవ్వి, భుజం మీదుగా ఒంపి చూపించింది. అమ్మ మొహం మారిపోయింది.

"బొగ్గు తవ్వుడు ఆటెట్లయితది బిడ్డా? పానం పోయేటట్టు పన్జేసినోళ్ళు ఇంటికొచ్చి ఎగురుతరా? పిల్లికి శెలగాటం ఎలుకకు పానసంకటం లెక్కున్నది."

నేను దాన్ని మెత్తబరిచి చెప్పబోయాను. పెద్ద సెన్సేకి గొంతులోనే తెలిసిపోయినట్టుంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది. చెప్పాను. ఆమె నెమ్మదిగా అంది: "మా దగ్గర గనులు మూతపడ్డాయి. మనుషులు తలోదిక్కూ పోయారు. పని చేసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళు ఇట్లా వంగేవాళ్ళు, ఇట్లా తోసేవాళ్ళు అని చూపించడానికి ఆ ఆటే మిగిలింది."

అమ్మకు చెప్పాను. అమ్మ ఇంకో రొట్టె తెచ్చి ఆమె పళ్ళెంలో వేసింది. ఆడవాళ్ళు బాయిలోకి దిగే కాలం కాదు మాది. బాపు లోపల ఏం చేసేవాడో, ఎట్లా నిలబడేవాడో, ఎట్లా వంగేవాడో అమ్మ ఎప్పుడూ చూడలేదు. ఇంటికి ఉతకడానికి వచ్చే బట్టలు తప్ప ఆమెకు ఆ పని సంగతి తెలియదు. ఈ మాట నాకు ఆ పూటే తట్టింది.

పొద్దు వాలుతుండగా పెద్ద సెన్సే గెస్ట్ హౌసుకి బయల్దేరింది. పైపుల కోసం మా లైను దారి తవ్వి పెట్టారు కాబట్టి కారు నల్లా మలుపు దగ్గరే ఆగింది. మా విద్యార్థి ఒకమ్మాయి తోడుగా నడిచింది. అమ్మా నేనూ గుమ్మంలో నిలబడ్డాం. నాలుగు ఇళ్ళు దాటాక పెద్ద సెన్సే ఆగి, వెనక్కి తిరిగి, మా వైపు వంగి దండం పెట్టింది. అమ్మ గాభరా పడింది.

"ఏమో మర్శిపోయింది బిడ్డా!"

లోపలికి పరుగెత్తి చాపకింద, కుర్చీ మీద, నీళ్ళ బిందె దగ్గర వెతికింది. ఏమీ దొరకలేదు. బయటికొచ్చేసరికి ఆమె మరికాస్త దూరం పోయి మళ్ళీ తిరిగి వంగింది. "అద్దాలు గిట్ల పెట్టి మర్శిందేమో, జల్ది సూడు," అంటూ అమ్మ చెప్పులు వేసుకుంటోంది, వెనక సందులోంచి పోవడానికి. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏం మర్శిపోలేదమ్మా. వాళ్ళు గట్లనే చేస్తరు. సాగనంపేటోళ్ళు కనవడ్డంత సేపు నిలవడాలె, పోయేటోళ్ళు తిరిగి తిరిగి సూడాలె. అది మర్యాద."

అమ్మ ఒక చెప్పుతో అట్లాగే నిలబడింది.

"ఎవలు పిలువకపోయినా?"

"పిలువకపోయినా."

నల్లా మలుపు దగ్గర పెద్ద సెన్సే మూడోసారి తిరిగింది. ఈసారి అమ్మ కూడా తడబడుతూ తల వంచింది. కారు పోయాక కూడా గుమ్మంలోంచి కదల్లేదు.

"మీ బాపు గూడ గాడనే తిరిగి సూసేటోడు," అంది. "రోజు సూసేటోడు. పిలిచిన రోజు గూడ సూసిండు, పిలువని రోజులు గూడ సూసిండు."

అన్నేళ్ళలో ఆ పొద్దుటి గురించి అమ్మ తనంతట తాను నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం కాలేజీ మైదానంలో మా ఆట. వానలు వెనకబట్టిన రోజులు, నేల ఇంకా మెత్తగానే ఉంది. మైక్ సెట్టు చాచా పాట ఒకసారి వేసి చూసుకుని, "అచ్ఛా హై బేటీ, లేకిన్ ఢోలక్ కమ్ హై," అని మీటలేవో తిప్పి డోలు శబ్దం పెంచాడు. అమ్మ నర్సరీ డ్యూటీ దిగి, స్టేజీకి కట్టడానికి బుట్టెడు బంతిపూలు తీసుకుని వచ్చింది. పూలిచ్చేసి పోతానన్నది. పోలేదు. మైక్ సెట్టు పక్కన నిలబడింది, నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడ్డట్టే.

పిల్లలు గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో దీపాల స్తంభం. స్టాళ్ళ దగ్గర సమోసాలొచ్చాయని తెలిసి సగంమంది కుర్రాళ్ళు మాయమయ్యారు, అందుకని వరస పలచగా ఉంది. పెద్ద సెన్సే తమ దేశపు నీలిరంగు నూలు అంగీ తొడుక్కుని వరసలో చేరింది, ఆమె వెనక నేను. ఆట మొదలైంది. తవ్వారు, ఒంపారు. వెనక్కి చూసేచోట అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఒక్కతే అడుగు వెనక్కి వేసి, చెయ్యి నుదుటి మీద పెట్టుకుని చూసింది. ఎవరినీ దిద్దలేదు. తనది తాను ఆడుతూ పోయింది.

రెండో చుట్టు తిరిగేసరికి వరస అమ్మ నిలబడిన చోటికి వచ్చింది. పెద్ద సెన్సే అమ్మను పిలవలేదు, చెయ్యి చాపలేదు. నేనూ పిలవలేదు. ఆమె వెనక, నా ముందు, ఒక మనిషి పట్టేంత చోటుంది. అమ్మ ఖాళీ బుట్ట కింద పెట్టింది. కొంగు నడుముకు దోపింది. ఆ చోట్లోకి వచ్చింది.

నా కాళ్ళు తడబడ్డాయి. అమ్మ కాళ్ళు తడబడలేదు. ముందున్న మడమలనే చూస్తూ, తవ్వింది. మళ్ళీ తవ్వింది. భుజం మీదుగా ఒంపింది. ఆమె ఆడుతున్నట్టు లేదు, ఎవరో చెప్పిన సంగతి ఒక్కొక్కటే చేసి చూసుకుంటున్నట్టుంది. తర్వాత ఆ అడుగు వచ్చింది. చుట్టూ చప్పట్లు మోగాయి. అమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, మెల్లగా నా వైపు తిరిగి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. అచ్చం బాపు పెట్టుకున్నట్టే, బొటనవేలు కణతకు ఆనించి. చూసింది. నన్ను కాదు, నా మీదుగా, ఎక్కడో దూరంగా. నేను చప్పట్లు కొట్టాల్సినదాన్ని, రెండు చేతులూ కలవలేదు. ఏడ్చాను. డోలు శబ్దంలో ఎవరికీ వినిపించలేదు.

నా వెనకున్న అమ్మాయి, ఆ అడుగు తీసేయమన్న అమ్మాయే, రొప్పుతూ అడిగింది: "సెన్సే, గిప్పుడు సూడాల్నా?"

"నీ ఇష్టం," అన్నాను.

తర్వాతి చుట్టులో కొందరు చూశారు, కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు రెండూ చెయ్యబోయి పక్కవాళ్ళ మీద పడ్డారు. వరస చిందరవందరయింది. పాట అయిపోయేదాకా అమ్మ వరసలోనే ఉంది. డబ్బా తోసే దగ్గర మాత్రం ప్రతిసారీ కొంచెం ఎక్కువ వంగింది. అది ఎంత బరువుంటుందో ఆమె ఊహించుకుంటోందని నాకనిపించింది.

ఇంటికి నడిచొస్తుంటే అమ్మ, "కాళ్ళు గుంజుతున్నయి," అంది. కాసేపటికి, "మీ బాపు నడుము నొస్తున్నదంటె, పని దప్పించుకునుడు అనుకునేదాన్ని," అని నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది.

పెద్ద సెన్సే తెల్లవారగానే రైలుకి పెద్దపల్లి పోయింది. ఆ పొద్దున నాకు ముందుగానే పని ఉంది, స్టాళ్ళ సామాను సర్దాలి. సంచీ వేసుకుని బయల్దేరాను. లైనులో అక్కలు వాకిళ్ళు ఊడుస్తున్నారు. తవ్విన మట్టి తప్పించుకుంటూ సగం దూరం పోయాను.

"ఇగో! ఇనవడ్తుందా? నీళ్ళ సీస మర్శినవ్!"

ఊడ్చే చీపుర్లు ఆగిపోయాయి. మా పక్కింటి అక్క నా మొహంలోకి చూసింది, ఆ కేక ఎవరిదో నమ్మలేక. నేను వెనక్కి తిరిగాను. పొద్దు సరిగ్గా కళ్ళలో పడింది. నాకు తెలియకుండానే చెయ్యి నుదుటికి పోయింది. అమ్మ గుమ్మంలో ఉంది. వెనక సందు వైపు పోలేదు, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. సీసా పైకెత్తి పట్టుకుని నిలబడింది.

వెనక్కి నడిచాను. సీసా తీసుకోబోతే ఇవ్వలేదు.

"పిలిచిన గద, జరసేపు కూసో."

నాకు ఆలస్యమవుతోంది. అయినా మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ మూత తీసి ఇచ్చింది. గుక్కెడు నీళ్ళు తాగాను. ఇంకో గుక్క తాగమంది. తాగాను. నా పక్కన గోడకు ఆనుకుని నిలబడి, నా గొంతు కదలడం చూస్తూ ఉంది. ఎంతసేపు కూర్చోబెట్టిందో నేను చూసుకోలేదు. బాయి సైరన్ మోగింది, మొదటి షిఫ్టువాళ్ళు సైకిళ్ళ మీద, బండ్ల మీద పోయారు, లైను మళ్ళీ సద్దుమణిగింది.

"ఇగ పో," అంది. "పైలం."

లేచి నడిచాను. నల్లా మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలోనే ఉంది.